చిన్నాయన పికప్‌ని కిందికి దించిన కేసు: ముందు 32, వెనక 56 మిల్లీమీటర్లు

ఏప్రిల్ నెలాఖరున చిన్నాయన హన్మకొండలో మా ఇంటికొచ్చినప్పుడు బండి దిగడానికి ఆయనకు దాదాపు నిమిషం పట్టింది. డోర్ తీసి, పైన హ్యాండిల్ పట్టుకుని, ఎడమ కాలు కిందికి వేలాడదీసి, నేల అందక మళ్లీ పైకి లాక్కుని, చివరికి ఒళ్లంతా పక్కకు తిప్పి జారినట్టు దిగాడు. కుడి మోకాలికి ఆపరేషన్ అయి అప్పటికి ఐదు నెలలు. "ఎక్కుడు ఎట్లనో ఎక్కుతున్న బిడ్డా, దిగుడే ఐతలేదు" అన్నాడు. బండి అమ్మేసి చిన్న కారు తీసుకోమని ఇంట్లోవాళ్లు చెబుతున్నారట, ఆయనకేమో ఇష్టం లేదు, ఎందుకంటే నర్సంపేట దగ్గర ఊళ్లో నాలుగెకరాల మిర్చి ఉంది, విత్తనాలు, పైపులు, మందు డబ్బాలు అన్నీ ఇందులోనే తిరుగుతాయి, పంటకాలంలో పది బస్తాలు వేసుకుని ఎనుమాముల మార్కెట్‌కి తనే వస్తాడు. "దీన్ని ఓ రెండంగుళాలు దించరాదు?" అని అడిగాడు.

నేను పద్నాలుగేళ్లుగా సస్పెన్షన్, అలైన్‌మెంట్ పనే చేస్తున్నాను. బండి దించమని వచ్చే కుర్రాళ్లు చాలామందే ఉంటారు, ఎక్కువమందికి వద్దనే చెబుతాను. ఈ పని మాత్రం మా ఇంటి వాకిట్లో, నా చేతులతో, రెండు ఆదివారాలు పెట్టుకుని చేశాను. ఏం చేశానో, ఏం మర్చిపోయానో కొలతలతో సహా రాస్తున్నాను. బండి మోడల్ పేరు కావాలనే రాయడం లేదు, పేరు కనబడితే ఈ అంకెలు పట్టుకుని నేరుగా పానా అందుకునేవాళ్లు ఉంటారు. పాత డబుల్ క్యాబ్ పికప్ అనుకోండి, ముందు ఒక్కో చక్రాన్ని పట్టుకునే పై, కింది ఆర్మ్‌లు (డబుల్ విష్‌బోన్), వాటికి స్ప్రింగుల్లా పనిచేసే ఉక్కు కడ్డీలు, అంటే టార్షన్ బార్లు, వెనక ఇరుసు గొట్టం (హౌసింగ్) మీద కూర్చున్న కమాన్ పట్టీలు, అంటే లీఫ్ స్ప్రింగులు. గట్టిగా బ్రేక్ తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు. మూడో చేతి బండి.

మొదట బండిని ముట్టుకోలేదు. ఇంట్లో ఉన్న చెక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి, గోడ పక్కన చిన్నాయనను ఎక్కి దిగమన్నాను, పక్కన తమ్ముడిని నిలబెట్టి. పన్నెండు అంగుళాల వరకు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగాడు, పద్నాలుగుకు గోడ పట్టుకున్నాడు, పదిహేను దాటితే ముఖంలో నొప్పి కనబడింది. బండికి ఉన్న ఫుట్ స్టెప్ నేల నుంచి పదిహేనున్నర అంగుళాలు. అంటే మూడున్నర అంగుళాలు తగ్గాలి. ఇంత తేడాను సస్పెన్షన్‌తోనే తేవాలనుకోవడం తప్పు. రెండంగుళాలు ఫుట్ స్టెప్ బ్రాకెట్లు పొడిగిస్తే వచ్చేస్తుంది, వెల్డింగ్ పని, గంటన్నర. మిగిలిన ఒకటిన్నర అంగుళం బండి దిగితే చాలు. స్టెప్ ఒక్కటే ఇంకా కిందికి వేలాడదీయొచ్చు కదా అని తమ్ముడు అడిగాడు, కానీ స్టెప్ ఎంత దించినా సీటు పైనే ఉంటుంది, స్టెప్ నుంచి సీటు మీదికి ఒళ్లు లేపుకోవడం అప్పుడు ఇంకా కష్టం. రెండూ కలిపి చేయాలి.

తర్వాత చేసిన పని నా దృష్టిలో ఈ కేసు మొత్తంలో ముఖ్యమైనది. బండి ఇంత ఎత్తు ఎందుకుందో చూశాను. మా గల్లీ చివర అదే మోడల్ బండి ఇంకొకటి ఉంది, ఓనర్‌ని అడిగి టేపు పెట్టి కొలిస్తే మా బండి దానికంటే వెనక అంగుళంన్నర పైగా, ముందు అంగుళం దాకా ఎత్తుంది. కింద పడుకుని చూస్తే విషయం తేలిపోయింది. కమాన్ కట్టలో మిగతా వాటి మీద ఉన్న స్టాంపు ఒక పట్టీ మీద లేదు, అంచు కూడా గ్యాస్ కట్టింగ్‌తో కోసినట్టు గరుకుగా ఉంది. లోడ్ ఎక్కువ వేసేందుకు పాత ఓనర్ ఎవరో ఎక్స్‌ట్రా పట్టీ వేయించారు. వెనక లేచేసరికి బండి ముందుకు వాలినట్టు కనబడి ఉంటుంది, అందుకని టార్షన్ బార్ బోల్టులు కూడా బిగించి ముక్కు లేపారు. చిన్నాయన కొన్నప్పటి నుంచి ఈ బండి కంపెనీ ఎత్తులో లేనే లేదన్నమాట. ముందు టైర్లు బయటి అంచు ఎందుకు అరుగుతున్నాయి, చిన్న గుంత పడ్డా ముందు నుంచి టక్ మని ఎందుకు మోగుతోంది అని ఆయన రెండేళ్లుగా అడుగుతున్న ప్రశ్నలకు జవాబు అక్కడే దొరికింది. టార్షన్ బార్ అతిగా బిగిస్తే చక్రం కిందికి జారడానికి చోటు మిగలదు, పై ఆర్మ్ ప్రతి గుంతలో రీబౌండ్ రబ్బరుకు, అంటే చక్రం మరీ కిందికి జారకుండా ఆపే రబ్బరుకు, తగులుతుంది. మా బండిలో ఆ సందు నాలుగు మిల్లీమీటర్లే ఉంది.

అందుకే బండి దించాలనుకునేవాళ్లకు ముందు ఇంకో బండి పక్కన పెట్టి కొలవమంటాను. మన దగ్గర లోడ్ బండ్లలో సగం పైగా ఎవరో ఒకరు పట్టీ వేయించినవే నా కంటబడ్డాయి. దించడం కన్నా ముందు, ఎవరో లేపినదాన్ని తీసేయడం ఉంటుంది.

వెనక ఎలా దించాలన్న దాని మీద రకరకాల సలహాలు వచ్చాయి, వాటిని ఎందుకు పక్కన పెట్టానో చెప్పాలి. హౌసింగ్‌కీ పట్టీకీ మధ్య దిమ్మ పెట్టడం ఒకటి. పట్టీలు హౌసింగ్ కింద వేలాడే బండ్లలో దిమ్మ పెడితే బండి దిగుతుంది, మాలాగా పట్టీలు హౌసింగ్ పైన ఉంటే అదే దిమ్మ బండిని లేపుతుంది. దీన్ని చూసుకోకుండా దిమ్మలు ఆర్డర్ పెట్టినవాళ్లు నా దగ్గరికే వచ్చారు. హౌసింగ్‌ని పట్టీల పైకి మార్చడం ఇంకొకటి, దాంతో ఒకేసారి ఐదారు అంగుళాలు పోతాయి, చాసిస్‌కి హౌసింగ్ కొట్టుకోకుండా చాసిస్ కోయాల్సి వస్తుంది, నేను చేయను. కమాన్ కొసను చాసిస్‌కి కలిపే ఊగే లింకు, అంటే షాకిల్, మార్చడం మూడోది. మన బండ్లలో షాకిల్ చాసిస్ నుంచి కిందికి వేలాడుతుంది కాబట్టి పొడుగు షాకిల్ వేస్తే బండి లేస్తుంది, పొట్టిది వేస్తేనే దిగుతుంది, అదీ షాకిల్ తగ్గినదాంట్లో సగమే. పట్టీలను గ్యాస్‌తో ఎర్రగా కాల్చి వంచితే ఐదు నిమిషాల పని అన్నవాళ్లూ ఉన్నారు. దయచేసి ఇది మాత్రం చేయొద్దు, చేయనివ్వొద్దు. కమాన్ ఉక్కును గట్టిపరిచి, టెంపర్ చేసి, వంగినా మళ్లీ వెనక్కి వచ్చే గుణం తెస్తారు, ఎర్రగా కాల్చి గాలికి వదిలేస్తే ఆ గుణం పోతుంది, కాల్చినచోటే మెత్తబడి కుంగుతుంది, లేదా ఒకరోజు లోడుతో ఉన్నప్పుడు విరుగుతుంది. నేను ఎంచుకున్నది ఎక్స్‌ట్రా పట్టీ తీసేయడం, కంపెనీ పట్టీలు అన్నీ ఉంచి వాటి వంపును చల్లగానే కొద్దిగా తగ్గించడం.

పని మే రెండో ఆదివారం మొదలైంది. ఎండ తెలుసు కదా, పొద్దున ఐదున్నరకే మొదలుపెట్టి పదకొండుకు ఆపేశాం. మా వాకిలి షాబాద్ బండలు, జాకీ స్టాండ్ కాలు నేరుగా పెడితే బండ పగులుతుంది, స్టాండ్ వాలిపోతుంది. అందుకే ముప్పావు అంగుళం ప్లైవుడ్ ముక్కలు వేసి వాటి మీద స్టాండ్లు పెట్టాను. ఇటుకల మీద, సిమెంటు దిమ్మల మీద బండి నిలబెట్టి కింద దూరడం నేను ఎవరినీ చేయనివ్వను, ఇటుక చెప్పాపెట్టకుండా పొడి అవుతుంది. విప్పిన చక్రాలు కూడా చాసిస్ కిందికే తోసి పెట్టాం, స్టాండ్ జారినా బండి వాటి మీద ఆగుతుంది.

కొలత నేల నుంచి తీసుకోకూడదు. టైర్ అరుగుదల, గాలి, నేల వాలు అన్నీ అందులో కలిసిపోతాయి. చక్రం మధ్య నుంచి నిటారుగా మడ్‌గార్డ్ అంచు దాకా కొలవాలి. నాలుగు టైర్లలో గాలి సరిచేసి, డీజిల్ సగం ఉంచి, లోపల సామానంతా తీసేసి కొలిస్తే ముందు ఎడమ 512, కుడి 505, వెనక ఎడమ 588, కుడి 584 మిల్లీమీటర్లు వచ్చాయి. ఇవన్నీ తలుపు వెనక పెన్సిల్‌తో రాసి పెట్టాను. ఒక కొలత మాత్రం తీసుకోలేదు, దాని సంగతి కిందకొస్తుంది.

ముందు భాగం సులువు. టార్షన్ బార్ అంటే పొడవాటి ఉక్కు కడ్డీ, ఒక కొస ఆర్మ్‌లో, ఇంకో కొస చాసిస్ అడ్డదూలం (క్రాస్ మెంబర్) దగ్గర ఒక లివర్‌లో ఉంటుంది, ఆ లివర్‌ని ఒక బోల్టు నిలబెడుతుంది. బోల్టు వదిలితే బండి దిగుతుంది. ఇక్కడ ఒక అపోహ ఉంది, బోల్టు వదులు చేస్తే స్ప్రింగ్ మెత్తబడుతుందని. కడ్డీ లావు మారలేదు, పొడవు మారలేదు, కాబట్టి దాని గట్టిదనం కూడా మారదు, మారేది బండి నిలబడే ఎత్తు ఒక్కటే. మరీ దించిన బండి గట్టిగా కొడుతుందంటే అది స్ప్రింగ్ వల్ల కాదు, చక్రం మరీ పైకి లేవకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరుకు ఆర్మ్ త్వరగా తగులుతుండటం వల్ల.

చక్రాలు గాల్లోకి లేపి, బోల్టు మీద బరువు తగ్గించి, మరల మీద పెయింట్ గీత పెట్టి, ఎడమ ఎనిమిది చుట్లు, కుడి ఏడు చుట్లు వదిలాను. రెండు వైపులా సమానంగా తిప్పాలని నియమమేమీ లేదు, ఎత్తు సమానంగా రావాలి అంతే. ఈ బోల్టును పూర్తిగా ఊడదీసే అవసరం లేదు, ఊడదీయాలంటే దానికి వేరే పుల్లర్ కావాలి, బిగువు మీదున్న కడ్డీ వదిలితే లివర్ చేతిని విరిచేస్తుంది. చక్రాలు దించాక వెంటనే కొలవకూడదు, టైర్లు నేల మీద పక్కకు ఈడ్చుకుని బిగుసుకుని ఉంటాయి, బండి అసలు ఎత్తుకు రాదు. గేటు దాకా ముందుకు, వెనక్కి నాలుగుసార్లు నడిపి, బానెట్ మీద రెండుసార్లు ఒత్తి అప్పుడు కొలిచాను. సగటున 40 మిల్లీమీటర్లు దిగింది.

చూడ్డానికి చాలా బాగుంది, నిజం చెబుతున్నాను. కానీ బంప్ స్టాప్ సందు 36 నుంచి 11కి పడిపోయింది. ఆ రబ్బరు ఆర్మ్ మధ్యలో ఉంటుంది కాబట్టి చక్రం దగ్గర 40 మారితే అక్కడ పాతికే మారింది, అయినా మిగిలిన 11 మన ఊరి స్పీడ్ బ్రేకర్లకు చాలదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. ఊళ్లలో ఇళ్ల ముందు పోసుకున్నవి అంతే ఎత్తులో రెండడుగుల వెడల్పుతో ఉంటాయి, బండికి అది మెట్టు. గల్లీ చివరి బ్రేకర్ మీద పదిహేను వేగంతో వెళ్లినా డబ్ మని తగిలింది. రబ్బరు సగం కోసేస్తే సందు పెరుగుతుంది కదా అని అడిగేవాళ్లకు నా జవాబు, ఆ రబ్బరు లేకపోతే దెబ్బ ఇనుముకు తగులుతుంది, ఆర్మ్ బ్రాకెట్ వెల్డింగ్ దగ్గర పగులుతుంది. బోల్టులు వెనక్కి బిగించి 8 మిల్లీమీటర్లు తిరిగి ఇచ్చేశాను. ముందు ఎడమ 478, కుడి 475 దగ్గర ఆగింది, సందు 16, కిందికి జారే సందు నాలుగు నుంచి ఇరవైనాలుగుకు వచ్చింది. టక్ శబ్దం ఆ రోజుతో పోయింది.

వెనక పని ఎక్కువ. చాసిస్‌ని స్టాండ్ల మీద పెట్టి, హౌసింగ్ బరువు వేరే జాకీ మీద ఉంచి, కమాన్ కట్టను హౌసింగ్‌కి పట్టి ఉంచే యూ బోల్టులు విప్పి రెండు కట్టలూ దించాం. యూ బోల్టులు ఒకసారి బిగించాక సాగుతాయి, పాతవి మళ్లీ వాడను. పైగా పట్టీ తీసేస్తే కట్ట మందం తగ్గుతుంది, పాత బోల్టుల మరలు చాలవు, నట్టు మర అయిపోయిన చోట ఆగి బిగిసినట్టే అనిపిస్తుంది, కానీ కట్ట వదులుగానే ఉంటుంది. పట్టీలను మధ్యలో కలిపి ఉంచే సెంటర్ బోల్టు కూడా కొత్తదే. కట్టలు ఆటోనగర్‌లో కమాన్ పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ప్రతి పట్టీని సుత్తితో తట్టి చప్పుడు విని పగుళ్లు లేవని చూశాక, ప్రెస్ మీద చల్లగానే, ఒక్కచోట కాకుండా పొడవునా రెండంగుళాలకోసారి కొద్దికొద్దిగా నొక్కుతూ వంపు తగ్గించాడు. రెండు వైపుల పట్టీలూ ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి సరిపోల్చాడు. ఆయన పని చూడటానికే వెళ్లొచ్చు, దారం కట్టి కొలిస్తే రెండు కట్టల తేడా రెండు మిల్లీమీటర్ల లోపే ఉంది.

తిరిగి ఎక్కించేటప్పుడు ఇళ్లలో చేసుకునేవాళ్లు దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. పట్టీ కొసల్లో గుండ్రంగా చుట్టిన కళ్లలో (ఐ) రబ్బరు బుష్‌లు ఉంటాయి. బండి గాల్లో ఉండగానే ఐ బోల్టులు, షాకిల్ బోల్టులు గట్టిగా బిగిస్తే బుష్ ఆ స్థితిలో అతుక్కుంటుంది, బండి కిందికి దించగానే రబ్బరు మెలిపడుతుంది, ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. ఆరు నెలల్లో చిరుగుతుంది, అప్పటిదాకా కిర్రుమంటుంది, బండి కూడా అసలు ఎత్తుకు దిగదు. అందుకే చేత్తో బిగించి వదిలి, చక్రాలు నేల మీద పెట్టి, బండిని రెండుసార్లు ఊపి, అప్పుడు టార్క్ రెంచ్‌తో బిగించాలి. యూ బోల్టులు నాలుగు నట్లూ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా. ఎడమ 531, కుడి 529 వచ్చింది. ఎక్స్‌ట్రా పట్టీ తీసినందుకు 34, వంపు తగ్గించినందుకు 22.

ముందుకన్నా వెనక ఇంకా ఎత్తుగానే ఉంచాను, కావాలనే. లోడు పడితే పికప్ వెనకే కుంగుతుంది, ఖాళీగా ఉన్నప్పుడే సమానంగా దించేస్తే పది బస్తాలు వేయగానే ముక్కు ఆకాశంలోకి లేస్తుంది, హెడ్‌లైట్లు ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడతాయి. పక్కింటి గోడకు ఎదురుగా బండి పెట్టి లైట్లు కూడా ఆ సాయంత్రమే సరిచేశాను.

మర్నాడు అలైన్‌మెంట్. ఇది లేకుండా బండి ఎవరికీ ఇవ్వకూడదు. ముందు చక్రాలు పక్కకు వాలే కోణం, అంటే క్యాంబర్, రెండు వైపులా పాజిటివ్ (పైభాగం బయటికి) 1.1 డిగ్రీల దగ్గర ఉండేది, టైర్ బయటి అంచు అరిగింది అందుకే, ఇప్పుడు మైనస్ 0.2కి వచ్చింది. టో, అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగే తేడా, బయటికి ఐదు మిల్లీమీటర్లు తెరుచుకుంది, లోపలికి రెండుకు సెట్ చేశాను. అలాగే నడిపి ఉంటే టైర్ల లోపలి అంచు త్వరగా తినేసేది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి రెండు వైపులా బ్రేక్ హోస్ టైర్‌కి తగులుతుందేమో చూశాను, బండి దిగితే హోస్ వదులవుతుంది. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ కూడా అంతే, ఒక క్లిప్ వేయాల్సి వచ్చింది.

నర్సంపేట రోడ్డు మీద మొదటి ట్రయల్‌లో యాభై ఐదు దాటగానే సీటు కింద సన్నని వణుకు మొదలైంది. అరవై ఐదు దగ్గర ఎక్కువ, ఎనభైకి తగ్గింది. టైర్ బ్యాలెన్స్ కాదు, క్లచ్ నొక్కి న్యూట్రల్‌లో వదిలేసినా ఉంది కాబట్టి ఇంజిన్ కూడా కాదు. ఇంజిన్ తిప్పుడును వెనక చక్రాల వైపు తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం. ఈ బండికి రెండు ముక్కల షాఫ్ట్, మధ్యలో సెంటర్ బేరింగ్. ముందు ముక్క వాలు, వెనక హౌసింగ్ మధ్యలో గేర్లుండే డిఫరెన్షియల్ ముక్కు వాలు ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, అప్పుడే వెనక ముక్కకు రెండు కొసలా ఉన్న వంగే కీళ్లు, అంటే యూజే క్రాస్‌లు, ఒకదాని ఎగుడుదిగుడును ఇంకొకటి రద్దు చేస్తాయి. డిజిటల్ యాంగిల్ మీటర్ పెడితే ముందు ముక్క 3.5, డిఫరెన్షియల్ 5.5 డిగ్రీలు. పట్టీల వంపు మారితే హౌసింగ్ కొంచెం తిరుగుతుందని తెలుసు, రెండు డిగ్రీలు తిరుగుతుందనుకోలేదు. లేత్‌లో ఒక అంచు మందంగా, ఇంకో అంచు పల్చగా ఉండే రెండు డిగ్రీల ఉక్కు చీలికలు రెండు తీయించి పట్టీకీ హౌసింగ్‌కీ మధ్య, మందం అంచు ముందువైపు వచ్చేలా పెట్టాను, డిఫరెన్షియల్ ముక్కు కిందికి దిగింది. పట్టీలు హౌసింగ్ పైన ఉన్న బండిలో మందం ముందుంటే ముక్కు దిగుతుంది, వెనకుంటే లేస్తుంది. అల్యూమినియం చీలికలు దొరుకుతాయి, లోడ్ బండికి వద్దు, నలుగుతాయి. వణుకు పూర్తిగా పోయింది.

ఇప్పుడు నేను మర్చిపోయిన సంగతి. జూన్ రెండో వారంలో, మృగశిర కార్తె వచ్చాక మొదటి గట్టి వాన పడిన సాయంత్రం, బండి చిన్నాయనకు అప్పగించే ముందు తడి మీద బ్రేక్ చూద్దామని ఖాళీ మైదానంలోకి తీసుకెళ్లాను. ముప్పై వేగంలో గట్టిగా తొక్కాను. ముందు చక్రాలు ఇంకా తిరుగుతుండగానే వెనక చక్రాలు బిగుసుకుపోయి బండి తోక ఎడమకు తిరిగింది. చుట్టూ ఏమీ లేదు కాబట్టి సరిపోయింది. అదే ఎనుమాముల మార్కెట్ ముందు, లారీల మధ్య, చిన్నాయన చేతుల్లో జరిగి ఉంటే అన్న ఆలోచనకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కారణం లోడ్ సెన్సింగ్ వాల్వ్. చాలా పికప్‌లలో ఇది ఉంటుంది, చాసిస్ మీద వాల్వ్, దాని నుంచి ఒక రాడ్ వెనక హౌసింగ్‌కి. లోడు పడి చాసిస్ హౌసింగ్‌కి దగ్గరయితే రాడ్ లివర్‌ని కదిపి వెనక బ్రేక్‌కి ఎక్కువ ప్రెషర్ వదులుతుంది, ఖాళీ బండికి తక్కువ వదులుతుంది, ఎందుకంటే ఖాళీ పికప్ వెనక బరువే ఉండదు, కొంచెం ప్రెషర్‌కే చక్రం బిగుస్తుంది. మనం బండిని 56 మిల్లీమీటర్లు దించాం. వాల్వ్‌కి తెలిసేది దూరం ఒక్కటే, బరువు దానికి తెలియదు. ఖాళీ బండి మీద ఫుల్ లోడ్ ఉందనుకుని వెనకకు ప్రెషర్ మొత్తం వదిలింది. పాత ఓనర్ పట్టీ వేయించినప్పుడు ఈ రాడ్ బ్రాకెట్ కూడా ఎవరో జరిపినట్టు గుర్తులున్నాయి, పని మొదలుపెట్టే రోజే నేను దాన్ని కొలిచి రాసుకోవాల్సింది, రాసుకోలేదు. పద్నాలుగేళ్ల అనుభవం ఉండి కూడా ఎత్తు, కోణం, టైర్ చుట్టూనే ఆలోచిస్తూ బ్రేక్ దాకా వెళ్లలేదు.

సరిచేయడం పెద్ద పని కాదు. బండి మాన్యువల్‌లో ఖాళీ బండికి లివర్ ఎక్కడ ఉండాలో ఇచ్చి ఉంటారు, కొత్త ఎత్తులో లివర్ సరిగ్గా అక్కడే నిలబడేలా రాడ్ బ్రాకెట్‌ని జరిపి బిగించాను. కంపెనీ పట్టీలు అన్నీ అలాగే ఉన్నాయి కాబట్టి ఎన్ని కిలోలకు ఎంత కుంగాలో ఆ లెక్క మారలేదు, అంటే ఖాళీ దగ్గర సరిచేస్తే లోడు దగ్గర కూడా సరిపోతుంది. కంపెనీ పట్టీయే తీసేసి మెత్తబరిచిన బండికి ఈ మాట వర్తించదు. మళ్లీ అదే మైదానంలో, తడి మీదే, ఆరుసార్లు తొక్కి చూశాను. ప్రతిసారీ ముందు చక్రాలే ముందు బిగిశాయి, బండి తిన్నగా ఆగింది. ఇంట్లో చేసుకునేవాళ్లు ఈ వాల్వ్ జోలికి వెళ్లే ధైర్యం లేకపోతే వెనక ఎత్తు మార్చకండి, అంతకన్నా మెత్తగా చెప్పలేను.

తర్వాత పది బస్తాల ఇసుక వేసి చూశాం, ఒక్కోటి 40 కిలోలు. వెనక 48 మిల్లీమీటర్లు కుంగింది, ఎక్స్‌ట్రా పట్టీ ఉన్నప్పుడు అదే బరువుకు 33 కుంగేది. బంప్ స్టాప్‌కి ఇంకా రెండు వేళ్ల సందుంది, షాకిల్ వెనక్కి వాలింది కానీ చాసిస్‌కి తగలడం లేదు. ఐదు వందల కిలోలు దాటి వేయొద్దని చిన్నాయనతో మాట తీసుకున్నాను, మిగతాది ట్రాలీలో పంపడానికి ఒప్పుకున్నాడు. పొలం బాటలో కింద తగులుతుందేమోనని ఆయనకు భయముండేది. వెనక బండికి అన్నిటికన్నా కిందున్నది డిఫరెన్షియల్ గుండు, అది హౌసింగ్‌తో పాటు టైర్ల మీద ఆధారపడి ఉంటుంది, బాడీ ఎంత దిగినా దాని ఎత్తు మారదు. మారేవి చాసిస్, ఫుట్ స్టెప్, ముందు క్రాస్ మెంబర్. మూడూ కొలిచి చూపించాక ఊరుకున్నాడు.

చట్టం గురించి కూడా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో, అనుమతి లేని ప్రతి మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని పెట్టారు. శారీరక ఇబ్బంది ఉన్నవాళ్ల కోసం బండిని మార్చుకోవడానికి అదే చట్టంలో దారి ఉంది, అలాంటి అవసరమున్నవాళ్లు ముందే ఆర్టీఓ ఆఫీసులో అడిగి, కాగితం చేతికొచ్చాకే పని మొదలుపెట్టండి. మేం ఎక్స్‌ట్రా పట్టీ తీసేయడం బండిని అసలు రూపానికి తేవడమే, టార్షన్ బార్ కంపెనీ ఇచ్చిన బోల్టుతోనే సర్దాం, వంపు తగ్గించిన 22 మిల్లీమీటర్ల సంగతి మాత్రం ఇన్సూరెన్స్ వాళ్లకు రాతపూర్వకంగా ఇప్పించాను. ఏమీ కోయలేదు, ఏదీ పోయేది కాదు, కావాలంటే ఒక్క రోజులో వెనక్కి తీసుకెళ్లొచ్చు.

ఖర్చు కమాన్ పనికి 2,400, నాలుగు యూ బోల్టులకు 1,000, సెంటర్ బోల్టులు 100, బుష్‌లు 1,100, ఉక్కు చీలికలు 500, అలైన్‌మెంట్ రెండుసార్లు 1,000, గ్రీజు వగైరా 200, మొత్తం 6,300 రూపాయలు. ఫుట్ స్టెప్ వెల్డింగ్ తెలిసినవాళ్లు చేసి పెట్టారు, డబ్బు తీసుకోలేదు.

ఐదు వందల కిలోమీటర్ల తర్వాత యూ బోల్టులు మళ్లీ బిగించడానికి బండి తెమ్మన్నాను. నాలుగు నట్లు పావు చుట్టు తిరిగాయి, కొత్త బోల్టులు ఒకసారి కూర్చున్నాక ఇలాగే వదులవుతాయి, అందుకే రమ్మనేది. ఎడమ వెనక షాకిల్ దగ్గర చిన్న కిర్రు ఉంది, వచ్చే నెల ఆ బుష్ తీసి చూడాలి. తీసిన ఎక్స్‌ట్రా పట్టీలు రెండూ గ్రీజు పూసి, గోనెసంచిలో చుట్టి, పాత కొలతల కాగితంతో పాటు చిన్నాయన వాళ్ల కొట్టంలో పెట్టించాను. ఆ రోజు మా గేటు ముందు బండి ఆపి ఆయన డోర్ తీసి, ఎడమ కాలు స్టెప్ మీద, కుడి కాలు నేల మీద పెట్టి దిగాడు, పైన హ్యాండిల్ మీద చెయ్యి కూడా వేయలేదు. వెనక సీటులోంచి చిన్నమ్మ దిగుతూ, "నాకు గూడ మంచిగున్నది బిడ్డా, చీర కాలికి తడ్తలేదు" అంది. ఆమె కూడా ఆ బండి దిగడానికి ఇన్నేళ్లూ ఇబ్బంది పడుతోందని మేమెవరం అడగలేదు.